దేశమంతా ఉపవాసమున్న ఆదివారం

1919 మార్చి 23వ తేదీతో గాంధీజీ పత్రికలకు రాసిన లేఖలో ఒక నిబంధన ఉంది. రౌలట్ చట్టానికి నిరసనగా దేశమంతటా ఒక రోజు పనులు ఆపి, ఉపవాసం ఉండి, ప్రార్థన చేయాలని పిలుపునిచ్చిన ఆ లేఖే, ఈ ఉపవాసాన్ని ఏ విధంగానూ నిరాహార సమ్మెగా చూడకూడదని, ప్రభుత్వం మీద ఒత్తిడి తేవడం దీని ఉద్దేశం కాదని కూడా స్పష్టంగా చెప్పింది. నిరసన కోసం పెట్టుకున్న రోజున, ఎవరి చట్టాన్ని నిరసిస్తున్నారో వారిని ఒత్తిడి చేసే ఆలోచన లేదనడం పైకి పొసగని మాటలా కనిపిస్తుంది. కానీ జనం కలిసి ఉపవాసం ఉండడం ఎప్పుడు మనుషులను దగ్గర చేస్తుందో, ఎప్పుడు దూరం చేస్తుందో తెలుసుకోవాలంటే ఆ ఒక్క నిబంధనను గట్టిగా పట్టుకుంటే చాలునని నా నమ్మకం. ఆ తర్వాత దేశం చూసిన ఎన్నో ఉపవాసాల మంచిచెడ్డలు దాని వెలుగులోనే అర్థమవుతాయి.

ముందుగా మాటల చిక్కు విప్పుకోవాలి. తినకుండా ఉండడానికి తెలుగులో చాలా పేర్లున్నాయి, అవన్నీ ఒకటి కావు. తిండి దొరక్క ఉంటే అది పస్తు. ఒంట్లో బాగాలేక మానేస్తే లంఖణం. నియమం పెట్టుకుని రోజుకు ఒక్క పూటే తింటే ఒక్కపొద్దు. దేవుణ్ణి తలచుకుంటూ తిండి మానితే ఉపవాసం. ‘దగ్గరగా ఉండడం’ అన్నదే ఆ మాటకు మూలార్థం. ఎదుటివారి చేత ఏదో ఒకటి చేయించడానికి తిండి మానితే అది నిరశన, నిరాహార దీక్ష. కలెక్టరేట్ ఎదుట షామియానా కింద రోజుకు కొందరు చొప్పున కూర్చునే రిలే దీక్ష కూడా ఈ కోవలోదే. కడుపుకు ఈ పేర్ల తేడా తెలియదు. ఆ ఆకలి ఎవరి వైపు తిరిగి ఉంది, తన వైపా, పైవాడి వైపా, ఎదుటివాడి వైపా అన్న దానిలోనే తేడా అంతా ఉంది. మన రాజకీయ సంభాషణలో ఈ పేర్లన్నీ ‘దీక్ష’ అన్న ఒక్క మాటలో కలిసిపోయాయి కాబట్టి, సామూహిక ఉపవాసం అనగానే మనకు డిమాండ్ల పత్రమే గుర్తుకు వస్తుంది. 1919 నాటి లేఖ ఈ గందరగోళాన్ని ముందే ఊహించి గీత గీసింది.

ఆ ఆలోచన మద్రాసులో పుట్టింది. విచారణ లేకుండా మనుషులను నిర్బంధించే అధికారాన్ని ప్రభుత్వానికి కట్టబెట్టిన రౌలట్ చట్టం 1919 మార్చిలో, శాసన మండలిలోని భారతీయ సభ్యుల వ్యతిరేకతను లెక్కచేయకుండా ఆమోదం పొందింది. ఆ రోజుల్లో గాంధీజీ మద్రాసులో, కస్తూరి రంగ అయ్యంగారి బంగళాలో బస చేసి ఉన్నారు. అయ్యంగారే తనకు ఆతిథ్యం ఇస్తున్నారనుకున్న ఆయనకు, అసలు ఆతిథేయి సేలం నుంచి కొత్తగా మద్రాసు వచ్చి స్థిరపడిన రాజగోపాలాచారి (రాజాజీ) అని రెండు రోజుల తర్వాత తన కార్యదర్శి మహదేవ్ దేశాయి చెబితే గానీ తెలియలేదు. చట్టాన్ని ఎలా ధిక్కరించాలన్న చర్చ ఎటూ తేలకుండా సాగుతుండగా, ఒక తెల్లవారుజామున నిద్రకూ మెలకువకూ మధ్య ఈ ఆలోచన తోచిందని ఆయన రాజాజీతో చెప్పారు. సత్యాగ్రహం ఆత్మశుద్ధికి సంబంధించినది కాబట్టి ఆత్మశుద్ధితోనే మొదలుపెట్టాలని, దేశమంతా ఒక రోజు వ్యాపారాలు మాని ఉపవాసంలో, ప్రార్థనలో గడపాలని దాని సారం.

ఇక్కడే మరో చిన్న వివరం ఉంది. ముస్లింలు ఒక రోజుకు మించి ఉపవాసం ఉండరు కాబట్టి, దాని వ్యవధి 24 గంటలే ఉండాలని ఆయన అప్పుడే అనుకున్నారు. ఈ ఒక్క వాక్యంలో సామూహిక ఉపవాసానికి కావలసిన లెక్క అంతా ఉందని నాకు అనిపిస్తుంది. హిందూ వ్రతాలలో రోజుల తరబడి సాగే ఉపవాసాలున్నాయి. జైనులు పర్యూషణం పండుగ రోజుల్లో మరిగించి చల్లార్చిన నీళ్ళు మాత్రమే తాగుతూ రోజులు గడపగలరు. అటువంటి సంప్రదాయంలో పెరిగిన గుజరాతీ మనిషి, అందరూ కలిసి చేయవలసిన పనికి అందరికీ సాధ్యమయ్యే కొలతనే ఎంచుకున్నారు. ఎక్కువ చేయగలిగినవాడు తన గొప్పను కొంచెం తగ్గించుకుంటే తప్ప నలుగురూ కలిసి ఏ పనీ చేయలేరు.

అంతటితో చిక్కు తీరలేదు. ముస్లింల రోజా తెల్లవారకముందు తినే సహరీతో మొదలై సూర్యాస్తమయంతో ముగుస్తుంది, మధ్యలో నీటి చుక్క కూడా పుచ్చుకోకూడదు. ఏకాదశి ఉపవాసం మర్నాటి ద్వాదశి పారణతో, అంటే ఉపవాసం విడిచే భోజనంతో ముగుస్తుంది, కొందరు పాలూ పండ్లూ తీసుకుంటారు, కొందరు నిర్జలంగా ఉంటారు. క్రైస్తవులు ఈస్టరుకు ముందు 40 రోజుల కాలంలో ఒక్కొక్క శాఖలో ఒక్కొక్క తీరున నియమం పాటిస్తారు. సిక్కు మతం ఉపవాసాన్ని పుణ్యకార్యంగా గుర్తించదు. పార్సీల మతం ఆకలితో ఒంటిని శోషింపజేయడాన్ని మెచ్చదు. మరి దేశమంతా ఒకే రోజున ఉపవాసం ఉండాలంటే ఎవరి నియమం పాటించాలి? మార్చి 23 లేఖ దీనికి ఇచ్చిన జవాబు సరళంగా ఉంది. ముందు రోజు రాత్రి తిన్న భోజనం నుంచి లెక్కించి 24 గంటలు, పెద్దవాళ్ళకు మాత్రమే, మతనియమం గానీ ఆరోగ్యం గానీ అడ్డు వస్తే మినహాయింపు. ఏ మతపు తిథినీ తీసుకోలేదు, ఏ మతపు విధినీ రుద్దలేదు. ఉపవాసం ఉండకపోవడమే ధర్మమని భావించేవారికి కూడా ఆ రోజులో చోటు మిగిల్చారు.

లేఖలోని తక్కిన అంశాలు కూడా ఇదే దారిలో నడుస్తాయి. ప్రజల అవసరాలకు తప్పనిసరి అయిన పనులు తప్ప మిగిలినవన్నీ ఆపాలని, అంగళ్ళు మూసివేయాలని అంటూనే, ఆదివారం కూడా పని చేయవలసిన ఉద్యోగులు ముందుగా సెలవు పొందిన తర్వాతే పని మానాలని ఆ లేఖ షరతు పెట్టింది. పల్లెలతో సహా ప్రతిచోటా సభలు జరిపి, ఆ శాసనాలను ఉపసంహరించుకోవాలని కోరుతూ తీర్మానాలు చేయమంది. అంటే ప్రభుత్వాన్ని అడగవలసింది సభలోని తీర్మానం అడుగుతుంది, ఉపవాసం అడగదు. ఉపవాసం చట్టధిక్కారానికి దిగబోయే మనిషి తనను తాను సిద్ధం చేసుకోవడానికి, తక్కినవారు తమకు తగిలిన గాయం ఎంత లోతైనదో తాము తెలుసుకోవడానికి. పొద్దుటినుంచి కడుపు మాడ్చుకుని సాయంత్రం సభకు వచ్చిన మనిషి చేతిలో రాయి ఉండడం కష్టమన్న అంచనా కూడా దానిలో ఉండి ఉంటుంది. ఆ అంచనా ఎంతవరకు నిలిచిందో కాసేపట్లో చూద్దాం.

ఒత్తిడి కాదన్న మాటను అంత నొక్కి చెప్పడానికి ఒక కారణం ఏడాది ముందే అహ్మదాబాదులో జరిగింది. 1918లో అక్కడి మిల్లు కార్మికులు 35 శాతం వేతనం పెంచమని సమ్మె కట్టారు. రోజులు గడిచేకొద్దీ వాళ్ళ పట్టు సడలుతుండగా, మార్చి 15న గాంధీజీ తాను ఉపవాసం మొదలుపెడుతున్నట్టు ప్రకటించారు. మీరు కాదు, మేమే ఉంటామని కార్మికులు ముందుకు వచ్చారు; మీరు మాటమీద నిలబడితే చాలు, మీరు ఉపవాసం ఉండనవసరం లేదని ఆయన ఆపారు. మూడు రోజుల్లో రాజీ కుదిరింది. అయితే మిల్లు యజమానులలో ముఖ్యుడైన అంబాలాల్ సారాభాయి ఆయనకు ఆప్తుడు. అంబాలాల్ అక్క అనసూయాబెన్ కార్మికుల పక్షాన నిలబడిన మనిషి. తన ఉపవాసం కార్మికులను నిలబెట్టడానికే అయినా, స్నేహితులైన యజమానుల మీద అది బలవంతంగా పని చేసిందని, అందువల్ల దానిలో గట్టి లోపం ఉందని గాంధీజీ ఆ తర్వాత దాచుకోకుండా రాశారు. ఆ అనుభవమే ఏడాది తిరగకముందే రాసిన లేఖలో హెచ్చరికగా మారిందని నేను భావిస్తున్నాను.

ఇంత జాగ్రత్త పడినా 1919 ఏప్రిల్ అనుకున్నట్టు నడవలేదు. మొదట మార్చి 30 అనుకున్న తేదీని ఏప్రిల్ 6 ఆదివారానికి మార్చారు. ఆ కబురు సమయానికి అందక ఢిల్లీ మార్చి 30నే ఆ రోజును పాటించింది. రైల్వే స్టేషను దగ్గర మొదలైన గొడవ కాల్పుల దాకా వెళ్ళి ప్రాణాలు పోయాయి. కానీ అదే ఢిల్లీలో, ఆ దుఃఖంలోనే, ఏప్రిల్ 4న ఆర్యసమాజ సన్యాసి అయిన స్వామి శ్రద్ధానందను ముస్లింలు జామా మసీదుకు తీసుకువెళ్ళి ప్రసంగింపజేశారు. రెండు రోజుల తర్వాత బొంబాయిలో జనం తెల్లవారుజామునే చౌపాటీకి చేరి, సముద్రంలో స్నానం చేసి, ఊరేగింపుగా ఠాకూర్‌ద్వార్‌కు కదిలారు. అక్కడి నుంచి ముస్లిం మిత్రులు గాంధీజీనీ సరోజినీ నాయుడినీ దగ్గరలోని మసీదుకు ఆహ్వానించి మాట్లాడించారు. హైదరాబాదులో పెరిగిన ఆమెకు ఉర్దూ సభ కొత్త కాదు; ఒక స్త్రీ, అందులోనూ హిందూ స్త్రీ, మసీదులో నిలబడి మాట్లాడడం మాత్రం ఆ కాలానికి సామాన్యమైన సంగతి కాదు.

బొంబాయి ఊరేగింపులో స్త్రీలు, పిల్లలు కూడా ఉన్నారన్నది తేలికగా దాటవేయదగిన విషయం కాదు. హర్తాళ్ అన్నది దుకాణం ఉన్నవాడు మూసే పని, ఉద్యోగం ఉన్నవాడు మానే పని. ఉపవాసానికి దుకాణమూ ఉద్యోగమూ అక్కర్లేదు, గడప దాటనక్కర్లేదు, చదువు రానక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. పైగా ఇంటిల్లిపాదీ ఉపవాసం ఉండాలంటే పొయ్యి రాజేసే చేతులు ముందుగా ఒప్పుకోవాలి. అట్లతద్దికి చందమామ వచ్చేదాకా, కార్తీక సోమవారాల్లో నక్షత్ర దర్శనం అయ్యేదాకా, నాగుల చవితికి పుట్టలో పాలు పోసేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టని ఆడవాళ్ళకు ఈ విద్య ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. అప్పటిదాకా రాజకీయ సభల్లో కుర్చీ లేనివాళ్ళకు, అందరికంటే బాగా తెలిసిన పనినే రాజకీయ కార్యంగా మార్చిన రోజు అది.

ఆ తర్వాతి వారం చీకటిది. ఏప్రిల్ 10న అమృత్‌సర్‌లో నాయకుల అరెస్టు, అల్లర్లు, ఏప్రిల్ 13 ఆదివారం బైశాఖీ నాడు జలియన్‌వాలా బాగ్ మారణకాండ జరిగాయి. ఇటు గుజరాతులో, గాంధీజీని అరెస్టు చేశారన్న వార్తతో అహ్మదాబాదు, వీరంగాం జనం భవనాలు తగలబెట్టారు, మనుషులను చంపారు. ఏప్రిల్ 14న సబర్మతి ఆశ్రమంలో జరిగిన సభలో ఆయన తాను మూడు రోజులు ప్రాయశ్చిత్త ఉపవాసం ఉంటానని, అహ్మదాబాదు ప్రజలు ఒక రోజు ఉండాలని, హింసకు పాల్పడినవారు తమ తప్పు ఒప్పుకోవాలని కోరారు. ఏప్రిల్ 6 ఉపవాసం, ఏప్రిల్ 14 ఉపవాసం పక్కపక్కన పెట్టి చూస్తే, మొదటిదాని అర్థం రెండోదానిలోనే బయటపడుతుంది. సర్కారు చేసిన తప్పుకు ఉపవాసం ఉండడం అంత కష్టం కాదు. మనవాళ్ళు చేసిన తప్పుకు, మన ఊరి వీధిలో జరిగిన హత్యకు, చేతులకు నెత్తురంటనివాడు కూడా ఒక రోజు ఆకలితో కూర్చోవడం కష్టం. అది చేయగలిగిన ఊరినే ఒక సమాజం అనవచ్చు.

ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. ప్రాచీనమైన సామూహిక ఉపవాసాలన్నింటిలోనూ ఈ ఒప్పుకోలు ఏదో ఒక రూపంలో ఉంది. జైనుల పర్యూషణం చివరి రోజైన సంవత్సరి నాటి ‘మిచ్ఛామి దుక్కడం’తో, అంటే తెలిసీ తెలియక చేసిన తప్పులకు ఒకరినొకరు క్షమాపణ వేడుకోవడంతో పూర్తవుతుంది. యూదుల యోమ్ కిప్పూర్ ఉపవాసం దేవుడి పట్ల చేసిన తప్పులనే కడుగుతుందని, తోటి మనిషికి చేసిన అన్యాయానికి ముందు ఆ మనిషినే కలిసి సమాధానపరచాలని వారి ధర్మశాస్త్రం చెబుతుంది. ఆత్మపరిశీలన అన్నది ఒంటరిగా కళ్ళు మూసుకుని చేసే పని మాత్రమే కాదని, పక్కింటి తలుపు తట్టడంతో ముగిసే పని అని ఈ ఆచారాలు ఎప్పుడో గ్రహించాయి.

1919 తర్వాత ఏటా ఏప్రిల్ 6 నుంచి 13 దాకా జాతీయ వారంగా పాటించడం మొదలైంది. మొదటి రోజున, చివరి రోజున ఉపవాసం, మధ్యలో ఖాదీ పని, సభలు. 1930లో గాంధీజీ దండి తీరాన ఉప్పు పట్టింది కూడా ఏప్రిల్ 6నే. 1919లోనే, అక్టోబర్ 17న పాటించిన ఖిలాఫత్ దినంలో, తమకు సంబంధం లేని తుర్కీ ఖలీఫా కోసం బాధపడుతున్న ముస్లిం పొరుగువారికి తోడుగా హిందువులు కూడా ఉపవాసం ఉన్నారు. ఆ ఉద్యమ రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం వారికుండవచ్చు. పొరుగువాడి దుఃఖం తనకు అర్థం కాకపోయినా అతని పక్కన ఆకలితో కూర్చోవడం మాత్రం చిన్న విషయం కాదు.

అయిదేళ్ళు తిరిగేసరికి ఆ ఐక్యత చెదిరిపోయింది. వాయవ్య సరిహద్దులోని కోహాట్‌లో జరిగిన హిందూ-ముస్లిం అల్లర్ల తర్వాత 1924 సెప్టెంబరులో ఢిల్లీలో మౌలానా మహమ్మద్ అలీ ఇంట్లో గాంధీజీ 21 రోజుల ఉపవాసం మొదలుపెట్టారు. ముస్లిం నాయకుడి ఇంట్లో ఉపవాసం ఉండాలన్న ఎంపికే ఒక ప్రకటన. విరమణ రోజున ఖురాన్ ఆయతులు, ఉపనిషత్ శ్లోకాలు, క్రైస్తవ గీతం, వైష్ణవ భజన ఒకే గదిలో వినిపించాయి. కానీ అల్లర్లు ఆగలేదు. ఒక్క మనిషి ఎంత ఆకలి భరించినా, ఊరు తన వంతు ఆకలి భరించకపోతే ఫలితం ఆ గది దాటి వెళ్ళదు.

ఇక ఈ కథలో అన్నింటికంటే జటిలమైన రోజు 1932 సెప్టెంబర్ 20. అణగారిన కులాలకు, తమ ప్రతినిధులను తామే ఎన్నుకునే ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తూ బ్రిటిష్ ప్రధాని చేసిన ప్రకటనకు వ్యతిరేకంగా యరవాడ జైలులో గాంధీజీ ఆమరణ ఉపవాసం మొదలుపెట్టారు. ఆ రోజును దేశమంతటా ఉపవాస, ప్రార్థనల దినంగా పాటించారు. ఆ వారంలోనే ఎన్నో గుడుల తలుపులు దళితులకు తెరుచుకున్నాయి, బావులు తెరుచుకున్నాయి. సవర్ణ హిందువులకు సంబంధించినంత వరకు అది నిజంగానే ఆత్మపరిశీలన. కానీ అదే ఉపవాసం డాక్టర్ అంబేద్కర్ వైపు నుంచి చూస్తే మరో రూపంలో కనబడుతుంది. తన ప్రజలకు దక్కిన రాజకీయ హక్కును వదులుకోకపోతే ఒక మహానాయకుడి మరణానికి బాధ్యుడవుతాడు. ఆ కోపం పల్లెపల్లెలోని నిస్సహాయులైన దళితుల మీద విరుచుకుపడుతుంది. సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం కుదిరింది. రాష్ట్ర శాసనసభల్లో రిజర్వు స్థానాలు 71 నుంచి 148కి పెరిగాయి, ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి. 1945లో అంబేద్కర్ ఆ ఉపవాసాన్ని అతి తీవ్రమైన మాటలతో ఖండించారు. 1919 లేఖ గీసిన గీతతో కొలిస్తే అంబేద్కర్ అభ్యంతరం న్యాయమైనదేనని నేను ఒప్పుకోక తప్పదు. దేశం ఉపవాసం ఉన్నది తన పాపానికి. ఒత్తిడి పడింది మాత్రం ఆ పాపానికి బలైనవారి ప్రతినిధి మీద. కలిసి ఉపవాసం ఉన్నామన్న తృప్తి, ఎవరి మీద భారం మోపుతున్నామన్న ప్రశ్నను కప్పేయగలదని ఆ సెప్టెంబరు చూపించింది.

ఒకరి ఉపవాసం ఊరి ఉపవాసంగా మారిన నిజమైన ఉదాహరణ కోసం 1947 కలకత్తాకు రావాలి. ఆగస్టు 15ను బెలియాఘాటాలోని హైదరీ మంజిల్‌లో ఉపవాసంతో, రాట్నంతో గడిపిన గాంధీజీ, నెలాఖరులో మళ్ళీ అల్లర్లు చెలరేగడంతో సెప్టెంబర్ 1 రాత్రి ఉపవాసం మొదలుపెట్టారు. పశ్చిమ బెంగాల్ గవర్నరుగా ఉన్న రాజాజీ వచ్చి, గూండాల మీద ఉపవాసం చేయగలమా అని అడిగారు. మద్రాసు బంగళాలో ఆనాటి తెల్లవారుజాము ఆలోచనను మొదట విన్న మనిషే ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత ఆ ప్రశ్న వేయడం నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. గూండాల వెనక నిలబడినవారి హృదయాలను తాకడమే తన ఉద్దేశమని, మర్యాదస్థుల మౌన సమ్మతి లేనిదే గూండాలు నిలవలేరని ఆయన జవాబు సారాంశం. ఆ రోజుల్లో ఉత్తర కలకత్తా పోలీసులు సుమారు 500 మంది, ఐరోపా అధికారులతో సహా, విధుల్లో ఉంటూనే 24 గంటలు ఉపవాసం ఉన్నారు. వాళ్ళు ఎవరినీ ఏమీ కోరలేదు. ఊరిని కాపాడవలసిన బాధ్యత తమదని తమకు తాము చెప్పుకున్నారు. 73 గంటల తర్వాత, మళ్ళీ హింస జరిగితే తమ ప్రాణాలొడ్డి ఆపుతామని హిందూ, ముస్లిం, సిక్కు నాయకులు రాతపూర్వకంగా మాట ఇచ్చాక ఆ ఉపవాసం ముగిసింది. ఆ మాట నిలబడింది. పంజాబు తగలబడుతున్నప్పుడు కలకత్తా ప్రశాంతంగా ఉంది.

1948 జనవరి 13న ఢిల్లీలో మొదలైనది చివరి ఉపవాసం. పాకిస్తానుకు ఇవ్వవలసిన 55 కోట్ల రూపాయల సంగతే దీని గురించి ఎక్కువగా చెప్పుకుంటారు, మంత్రివర్గం ఆ సొమ్ము విడుదల చేయాలని నిర్ణయించింది కూడా ఆ రోజుల్లోనే. అయితే జనవరి 18న నాయకులు సంతకం చేసిన ప్రతిజ్ఞ చదివితే, అది ఢిల్లీ పౌరులు తమ పొరుగువారి గురించి రాసుకున్న పత్రమని తెలుస్తుంది: మెహ్రౌలీలో ఖ్వాజా కుతుబుద్దీన్ దర్గా ఉర్సు ఉత్సవం ఎప్పటిలాగే జరగాలి, ఆక్రమించిన మసీదులు తిరిగి ఇవ్వాలి, ముస్లింలు నిర్భయంగా వీధుల్లో తిరగగలగాలి. ఆ రోజుల్లో ప్రధాని నెహ్రూ కూడా ఎవరికీ చెప్పకుండా ఉపవాసం ఉన్నారు. ఆ సంగతి తెలిసి, ఇక నీ ఉపవాసం విరమించమని గాంధీజీ ఆయనకు చీటీ రాసి పంపారు. ప్రచారం లేని ఆ ఆకలి నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది.

తెలుగువారికి ఉపవాసమంటే పొట్టి శ్రీరాములు గుర్తుకు రాకుండా ఉండరు. 1952 అక్టోబర్ 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట మొదలైన దీక్ష డిసెంబర్ 15 రాత్రి ఆయన ప్రాణంతో ముగిసింది. ఊళ్ళు రగిలాయి, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అది నిరశన, కోరిక స్పష్టం, ఎవరిని కోరుతున్నదీ స్పష్టం, చెల్లించిన మూల్యానికి సాటి లేదు. కానీ ఆయన 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలోకి దళితుల ప్రవేశం కోసం చేసిన ఉపవాసాన్ని మనం అంతగా తలచుకోము. అది పరాయి ప్రభుత్వానికి గురిపెట్టింది కాదు, తన ఊరికి, తన తోటి సవర్ణులకు గురిపెట్టింది. మొదటిది మనకు రాష్ట్రాన్ని ఇచ్చింది కాబట్టి విగ్రహాలు వెలిశాయి. రెండోది మనల్ని మనం చూసుకోమంది, అందుకే కాబోలు మరుగున పడింది. ఆ మనిషిని పూర్తిగా గౌరవించాలంటే రెండూ కలిపి చెప్పుకోవాలి.

ఉపవాసానికి మరో ముఖం ఉంది, అది మిగిలిన అన్నం ఎక్కడికి వెళుతుందన్నది. వయసు మళ్ళి గానీ తగ్గని జబ్బు వల్ల గానీ రోజా ఉండలేనివారు, మానిన ప్రతి రోజాకు ఒక పేదవాడికి భోజనం పెట్టాలని ఇస్లాం ఫిద్యా నియమం చెబుతుంది. ఈద్ నమాజుకు ముందే పేదలకు ఫిత్రా దానం చెల్లించాలి. ద్వాదశి నాడు పారణకు ముందు అతిథికి పెట్టడం మన ఇళ్ళలో ఆచారం. 1965లో, అమెరికా నుంచి వచ్చే గోధుమల మీద దేశం ఆధారపడి ఉన్న రోజుల్లో, ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి ఈ పాత తర్కాన్నే పౌరధర్మంగా మార్చి, వారానికి ఒక పూట, సోమవారం సాయంత్రం భోజనం మానమని కోరారు. సోమవారం సాయంత్రాలు హోటళ్ళు మూతపడ్డాయి. దానికి ఏ మతపు పేరూ లేదు, ఏ డిమాండూ లేదు. అయితే ఆ పిలుపు రెండు పూటలా తినేవాడికి. పస్తులుండే కుటుంబానికి ఉపవాసం బోధించడం కంటే క్రూరమైన పని లేదు. కలిసి ఉపవాసం ఉందామని పిలిచే ఎవరైనా, పిలుపు వినేవారిలో ఆ పూట తినడానికి ఏమీ లేనివారెందరో ముందుగా కనుక్కోవాలి. మధుమేహం ఉన్నవారిని, గర్భిణులను, బాలింతలను, ఎండలో కూలిపని చేసేవారిని సిగ్గుపడనివ్వకుండా మినహాయించాలి. 1919 లేఖలోని ‘ఆరోగ్యం’ అన్న ఒక్క మాట అందుకే అక్కడ ఉంది.

ఇదంతా నాయకుల కథ. పిలుపు లేకుండా, ప్రతిజ్ఞా పత్రం లేకుండా కలిసి నియమం పట్టే ఊళ్ళు కూడా మనకున్నాయి. అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడులో మొహర్రం రోజుల్లో కుళ్ళాయిస్వామి పీరు కోసం హిందువులూ ముస్లింలూ ఒక్కపొద్దు ఉంటారు, స్నానం చేసి చక్కెర చదివింపులు తెస్తారు. పీర్ల మకానం పక్కనే ఆంజనేయస్వామి గుడి ఉంది. రాయలసీమలో, తెలంగాణలో పీర్ల పండుగ జరిగే ఎన్నో పల్లెల్లో పీరును ఎత్తుకునే కుటుంబాలు తరతరాలుగా హిందూ కుటుంబాలే. ఐక్యత అన్న మాట అక్కడ ఎవరి నోటా వినబడదు. పీరు ముందర ఒక్కపొద్దు ఉన్నవాళ్ళం అనే చెబుతారు.

పంచాంగం కూడా అప్పుడప్పుడూ ఇటువంటి పని చేస్తుంది. నెలవంక కనబడిన నాటి నుంచి లెక్కించే మొహర్రం పదో రోజు, అంటే ఆషూరా, మన తిథుల్లో సుమారుగా ఏకాదశికి వస్తుంది. ఆ నెల ఆషాఢంతో కలిసిన ఏడాదిలో ఆషూరా, తొలి ఏకాదశి ఒకటవుతాయి. 2024లో జులై 17న అలాగే జరిగింది, 2025లో జులై 6న మళ్ళీ జరిగింది. 2025 నాటిది ఆదివారం కూడా. ఆ రోజు తెలుగు ఊళ్ళలో ఒకే వీధిలో ఒక ఇంట్లో ఆషూరా రోజా, పక్కింట్లో ఏకాదశి ఉపవాసం. పొద్దు గుంకగానే ఒకరు ఖర్జూరంతో రోజా విప్పారు. రెండో ఇంట్లో పేలపిండి ప్రసాదం కళ్ళకద్దుకుని, ద్వాదశి పారణ కోసం తెల్లవారే దాకా ఎదురుచూశారు.